పీలికల సంచిలో పడేవి

తొమ్మిదో భాగం

ముందు డిస్కు సంగతి చెప్పుకోవాలి. పోయినవారం మనం ఈ కుట్టు దుకాణం వదిలి వచ్చేసరికి, మూల బల్ల మీది పాత కంప్యూటరులో ఉన్న డిస్కు నాలుగుసార్లు కటకటా పళ్లు కొరికి, ఇక లేవలేదు. అయితే పోయేముందు చెయ్యాల్సిన పని చేసే పోయింది. గుసగుస అని ఇంట్లో పిలిచే పిల్ల ఏడు వారాలుగా ఒక్కో ప్రోగ్రామునీ మొదటి అక్షరం నుంచి తనే కట్టుకుంటూ వచ్చిన, కంప్యూటరుని నడిపే సొంత లినక్సు అంతా, ఎవరో పారేసిన కెమెరాలోంచి తీసిన రెండు జీబీల కార్డులోకి క్షేమంగా ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే కార్డు నిండిపోయింది. దేనికోసం ఇంత చేసిందో ఆ ప్రోగ్రాము మాత్రం బయటే, పెన్‌డ్రైవులో, చోటు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది.

ఆ ప్రోగ్రాము చేసే పని చిన్నదేమీ కాదు. ఛాతీ ఇంత, భుజం ఇంత అని కొలతలు చెబితే చొక్కాకి నమూనా లెక్కగట్టి, పక్కనున్న గీతల మిషనుకి అందిస్తుంది. గీతల మిషను తన పొడుగాటి చేతిలో పెన్ను పట్టుకుని ఆ నమూనాని కాగితం మీద గీస్తుంది. ఆ కాగితాన్ని గుడ్డ మీద పరిచి కోసుకోవడమే. శనివారం పొద్దున పది గంటలకి ఒక స్కూలు నుంచి అరవై మంది పిల్లల యూనిఫాం కొలతలు రాబోతున్నాయి. "పదింటికి ఈ డబ్బా గీతలు గీసిందా, ఉంటుంది. గీయలేదా, పాతసామాన్ల బండెక్కుతుంది. బల్ల మా తమ్ముడి ఇస్త్రీకి" అని గుసగుస పెదనాన్న ఎప్పుడో తేల్చేశాడు.

ఇవాళ శుక్రవారం. భోజనాలయ్యాయి.

ఆ దుకాణంలో కత్తెర పెదనాన్నది. కత్తెర ఆయనది కాబట్టి ఆఖరి మాట కూడా ఆయనదే. గుసగుస వాళ్లమ్మ మిషను కుడుతుంది. ఆమె పెదాల మధ్య ఎప్పుడూ నాలుగు గుండుసూదులు ఉంటాయి కాబట్టి ఏ మాటైనా ముక్కుతోనే అంటుంది. నానమ్మ కిటికీ పక్కన కూర్చుని గుండీలు కుడుతుంది. బాబాయి కాజాలు తీస్తాడు, ఇస్త్రీ చేస్తాడు, మిగిలిన టైములో అడగని సలహాలు ఇస్తాడు. ఇక గుసగుస. పదిహేనేళ్ల పిల్ల. ఊరి బళ్లో పదేళ్లు చదివి, హాజరు పలికేటప్పుడు కూడా పక్క పిల్లకే వినబడేలా పలికింది. ఆ పక్క పిల్లే లేచి "వచ్చిందండీ" అని చెప్పేది. ఆ పేరు అక్కడే అంటుకుంది, ఇంటిదాకా వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆ దుకాణంలో పీలికల పంచాయితీ జరుగుతుంది. వారమంతా కోతలో మిగిలిన ముక్కలన్నీ బల్ల మీద కుప్ప పోస్తారు. పెదనాన్న ఒక్కో ముక్కనీ రెండు వేళ్లతో పైకెత్తి చూపిస్తాడు. దాన్ని ఉంచాలనుకున్నవాళ్లు అది రేపు ఏమవుతుందో ఒక్క ఊపిరిలో చెప్పాలి. మధ్యలో ఊపిరి తెగిందా, పీలిక సంచిలో పడుతుంది. పోయినేడు బాబాయి జానెడు మఖమలు ముక్క కోసం మొదలుపెట్టి, అది టోపీ అవుతుందనీ, ఆ టోపీ ఎవరు పెట్టుకుంటారో, పెట్టుకుని ఎక్కడికెళ్తారో కూడా చెప్పబోయి, మొహం వంకాయ రంగుకి తిరిగి మిషను మీద పడ్డాడు. మఖమలు సంచిలోకి పోయింది. అప్పట్నుంచి దుకాణంలో అందరూ క్లుప్తంగా మాట్లాడటం నేర్చుకున్నారు.

గుడ్డ ముక్కల పని తేలిపోయాక పెదనాన్న బల్ల దులిపి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఊఁ, ఇక నీ పీలికలు తే తల్లీ."

గుసగుస తెచ్చింది. కార్డులో ఉన్న ఒక్కో ప్యాకేజీ పేరూ ఒక్కో కాగితం ముక్క మీద రాసి, కింద అది ఎంత చోటు తింటుందో వేసింది. అరవై నాలుగు చీటీలు. అన్నీ బల్ల మీద పరిచేసరికి, ఏదో పెద్ద పరీక్షకి తనే ప్రశ్నపత్రం రాసుకొచ్చి తనే ఫెయిలవబోతున్నట్టు అనిపించింది.

"ఎంబీ అంటే ఏంటి?" అన్నాడు పెదనాన్న మొదటి చీటీ ఎత్తి.

గుసగుస ఏదో అంది.

"మీటరు అనుకోమంటోంది" అని నానమ్మ అరిచి చెప్పింది. నానమ్మకి చెవుడు. అయినా ఇంట్లో గుసగుస మాటలు అందరికంటే ముందు అర్థమయ్యేది ఆమెకే. మనవరాలి పెదాలు చూస్తుంది కదా.

"మీటరా. బాగుంది. ఎన్ని మీటర్లు ఖాళీ చెయ్యాలి?"

"రెండొందల అరవై" అంది గుసగుస.

"రెండొందల అరవై మీటర్లు!" బాబాయి ముక్కున వేలేసుకున్నాడు. "వేలెడంత కార్డులో మన దుకాణంలో కంటే ఎక్కువ గుడ్డ ఉందన్నమాట, అన్నయ్యా!"

"నువ్వు మూసుకుని కాజాలు తియ్యి. ఇదిగో, ఈ మొదటిది నూట పది మీటర్లు. ఏం పని చేస్తుందిది?"

గుసగుస ఊపిరి పీల్చింది. "ఏదైనా తప్పు జరిగితే తప్పు జరిగిందని ఎనభై భాషల్లో చెప్తుంది."

నానమ్మ చేతిలో సూది ఆగింది. "ఎనభై భాషల్లో తిట్టించుకోవడానికి మనమేం చేశామే? ఒక్క భాషలో తిడితే సిగ్గు రాదా?"

"సంచిలోకి" అన్నాడు పెదనాన్న. చీటీ సంచిలో పడింది. ఆ భాషలు కట్టడానికి రెండు పగళ్లు కరెంటు కాల్చిందని గుసగుస చెప్పలేదు. చెప్పినా లాభం లేదు. ఊపిరి నియమంలో కరెంటు లెక్కకి రాదు.

తర్వాతది చిన్నది. ప్రపంచంలో ఏ ఊళ్లో ఇప్పుడు టైమెంతో చెప్పే సామాను. అమ్మ మిషను తొక్కుతూనే, గుండుసూదుల వెనకనుంచి, గోడ గడియారం కేసి గడ్డం చూపించి "మ్మ్ మ్మ్ మ్మ్" అంది. మన గడియారమే పదినిమిషాలు వెనక నడుస్తోంది, ముందు దాన్ని సరిచెయ్యండి అని దాని అర్థం. మన ఊరి టైము ఒక్కటీ ఉంచి మిగతా లోకాన్ని సంచిలో వేశారు.

ఆ తర్వాత రెండు చీటీలు ఒకేసారి ఎత్తాడు పెదనాన్న. "ఇవి రెండూ రాసుకోవడానికే అంటున్నావు. ఒకే పనికి రెండెందుకు?" అని తనే ఒక్క క్షణం ఆలోచించాడు. ఆయన దగ్గరా రెండు కత్తెరలున్నాయి. గుడ్డ కత్తెరతో ఎవరైనా కాగితం కోస్తే ఆ రోజు ఇంట్లో అన్నం సహించదు. గొంతు తగ్గించి అడిగాడు: "ఇందులో గుడ్డదేది, కాగితానిదేది?"

ఇంత మర్యాదగా ప్రశ్న వస్తుందని గుసగుస అనుకోలేదు. నిజం చెప్పేసింది. "అట్లా ఏం లేదు పెదనాన్నా. మొదటిది తేలిక. రెండోది గొప్పది అంటారు. కాకపోతే దాంట్లోకి వెళ్తే బయటికి రావడం నాకింకా సరిగ్గా రాదు."

"వెళ్తే బయటికి రాలేని గది ఇంట్లో ఎందుకమ్మా?"

రెండోది సంచిలో పడింది.

అట్లా సాగింది. ప్రతి ఆజ్ఞకీ వివరం రాసి ఉండే పుస్తకాల చీటీ వచ్చినప్పుడు మాత్రం గుసగుస గొంతు కాస్త పెగిలింది. "ఇవి ఉంటే ఎవర్నీ అడక్కుండా తెలుసుకోవచ్చు" అంది. ఎవర్నీ అడక్కుండా అన్న మాటలో ఆ పిల్లకి ఎంత సుఖం ఉందో ఇంటిల్లిపాదికీ తెలుసు. పెదనాన్న ఆ చీటీని ఉంచే కుప్పలో పెట్టాడు.

లెక్కలు చేసే చీటీ వచ్చేసరికి బాబాయికి తన రోజొచ్చింది అనిపించింది. కాజాల సూది పక్కన పెట్టి లేచాడు. "లెక్కల మిషను లోపలొకటా? గల్లాపెట్టె మీద ఒకటి ఉంది, అన్నయ్య చేతివేళ్లు పది ఉన్నాయి. ఎవరికి కావాలిది?"

"కెర్నెల్ కట్టేటప్పుడు, మధ్యలో ఏవో లెక్కలకి దాన్ని పిలుస్తారు" అంది గుసగుస. "ఇది లేకపోతే అక్కడే ఆగిపోతుంది. మొదటిసారి నాకు అట్లాగే ఆగిపోయింది. కారణం దొరకడానికి రోజు పట్టింది."

"కెర్నెల్ అంటే?"

"అన్నిటికీ పెద్ద."

"అంటే నేను" అన్నాడు పెదనాన్న. "కట్టేశావా దాన్ని?"

"కట్టేశాను."

"మళ్లీ కడతావా?"

గుసగుసకి కడతాను అనాలని ఉంది. ఇంకా బాగా, ఇంకా చిన్నగా కట్టాలని ఉంది. కానీ అడిగింది కత్తెర పట్టుకున్న మనిషి. ఒకసారి కోసిన గుడ్డని మళ్లీ కోస్తానంటే ఆయనకి ఏమని చెప్పాలి? చెప్పేలోపు చీటీ సంచిలో పడింది. బాబాయి గెలిచినట్టు మీసం దువ్వుకున్నాడు.

నాలుగు మీటర్లూ ఆరు మీటర్లూ ఉన్న చిన్నవాటి దగ్గర పెదనాన్నకి విసుగొచ్చింది. "ఇవి ముక్కలు కావు, నూలుపోగులు. వీటిని దులిపితే ఎంతొస్తుంది?" అని చూడకుండానే ఉంచే కుప్పలోకి తోసేశాడు. చివరికి లెక్క కూడితే నూట నలభై మీటర్లు ఖాళీ అయ్యాయి. ఇంకో నూట ఇరవై కావాలి. బల్ల మీద రెండే రెండు చీటీలు మిగిలాయి. రెండూ దుప్పట్లంత.

ఒకదాని మీద "కిటికీలు" అని ఉంది. తెర మీద రంగులూ, బొమ్మలూ, ఎలకతో కదిలే బాణం గుర్తూ, అన్నీ దాంట్లోవే. రెండొందల తొంభై. రెండోదాని మీద "కంపైలరు" అని ఉంది. మూడొందల పది.

"ఏదో ఒకటి పోతే చాలు" అన్నాడు పెదనాన్న. "ముందు పెద్దది. ఏంటిది?"

"మనం రాసింది మిషనుకి అర్థమయ్యేట్టు కుట్టిపెట్టేది. మిగతావన్నీ దీంతోనే కుట్టాను."

"అన్నీ కుట్టేశావు కదా?"

"ఆఁ."

"ఆ గీతల ప్రోగ్రాము కూడా కుట్టేసి పెన్‌డ్రైవులో పెట్టావు."

"ఆఁ."

పెదనాన్న కళ్లద్దాలు నుదుటి మీదికి తోశాడు. దుకాణంలో ఆయన అలా చేశాడంటే మాట చెక్క మీద మేకు దిగినట్టు దిగబోతోందని అందరికీ తెలుసు. "అమ్మాయ్, ఇరవై ఏడేళ్ల నుంచి చొక్కాలు కోస్తున్నాను. చొక్కా పూర్తయ్యాక ఎవరింటికైనా చొక్కాతో పాటు కుట్టు మిషను కూడా మోసుకెళ్లి ఇచ్చానా?"

బాబాయి పక్కుమన్నాడు. అమ్మ పెదాల మధ్య గుండుసూదులు కూడా కదిలాయి. అది నవ్వే. గుసగుసకీ నవ్వు రావాల్సిందే, ఎందుకంటే మాట అంత అచ్చంగా సరిపోయింది. అదే బాధ. తను చదివిన చోటల్లా కూడా ఇదే రాసి ఉంది. చిన్న సిస్టంలో కంపైలరు అనవసరం, పని అయ్యాక తీసెయ్యొచ్చు. పెదనాన్న ఏ పుస్తకమూ చదవకుండా అక్కడికే వచ్చాడు.

అయినా ఆ చీటీ ఆయన వేళ్ల మధ్య సంచి వైపు కదులుతుంటే ఆ పిల్లకి ప్రాణం గిలగిల్లాడింది. ఊరి బళ్లో ఒక కంప్యూటరు ఉండేది, గుడ్డ కప్పి. ఆ గుడ్డ తీసింది రెండేసార్లు, అదీ పెద్దవాళ్లెవరో చూడటానికి వచ్చినప్పుడు. ఈ డబ్బా మీద గుడ్డ లేదు. దీంట్లో ఏది కావాలంటే అది తను చెయ్యొచ్చు, ఎవర్నీ నోరు తెరిచి అడక్కుండా. కంపైలరు పోయిందంటే అదీ ఇంకో గీతల మిషనే. చెప్పింది గీస్తుంది. కొత్తది ఏదీ చెయ్యదు.

"సంచిలోకేనా?" అన్నాడు పెదనాన్న. "ఉంచాలంటే చెప్పు. ఒక్క ఊపిరి."

గుసగుస ఊపిరి పీల్చింది. ఎంత పీల్చిందంటే నానమ్మ కంగారుపడి సూది పక్కన పెట్టేసింది.

"పిల్లల గౌనుకి కింద మడతలో నాలుగు వేళ్ల గుడ్డ ఎందుకు వదులుతారు పెదనాన్నా వచ్చే ఏడు పిల్ల పొడుగవుతుందనే కదా అప్పుడు మడత విప్పి దించొచ్చనే కదా ఈ కంపైలరు ఆ మడత ఇది లేకపోతే ఈ డబ్బా ఇవాళ ఎంతుందో ఎప్పటికీ అంతే దీన్ని ఎవరూ దించలేరు ఇది ఉంటే రేపు లాగులకీ ఎల్లుండి కోట్లకీ ఏది అడిగితే దానికి కొత్తది కడతాను ఇది మీ చొక్కా కాదు పెదనాన్నా పూర్తవలేదు ఇంకా పెరుగుతుంది ఇది పోతే నేను..."

అక్కడ ఊపిరి అయిపోయింది.

అమ్మ మిషను ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. ఆ పిల్ల నోట ఒకేసారి అన్ని మాటలు రావడం ఆ ఇంట్లో ఇదే మొదటిసారి. తన మాటలకి తనే బెదిరిపోయి గుసగుస బల్ల అంచు పట్టుకుంది.

"ఊపిరి తెగింది, అన్నయ్యా" అన్నాడు బాబాయి. నియమం నియమమే కదా. మఖమలు ముక్క ఆయనింకా మర్చిపోలేదు.

"తెగింది" అన్నాడు పెదనాన్న. చీటీ సంచి మీద అలాగే వేలాడుతోంది. "ఎక్కడ తెగింది?"

"'నేను' దగ్గర."

"ఊఁ." పెదనాన్న చీటీని దగ్గరికి తెచ్చుకుని, ఏదో నేత చూస్తున్నట్టు వెలుతురుకి పట్టి చూశాడు. "నేను దాకా వచ్చింది కదా. మిగతాది నాకు తెలుస్తుందిలే." చీటీ ఉంచే కుప్పలో పెట్టి, కదలకుండా దాని మీద సుద్దముక్క బరువు పెట్టాడు. "గౌను మడతలో గుడ్డ కోసేసే దర్జీ దర్జీయే కాదు. కిటికీలు తీసెయ్."

అప్పుడు లేచింది నానమ్మ. "కిటికీలు పోతే నా పేకాట?"

నిజమే. సాయంత్రాలు గుండీల పనయ్యాక నానమ్మ ఆ తెర మీద ఒక్కతే పేకాట ఆడుతుంది. అది కిటికీల్లోనే నడుస్తుంది.

"ఒరే పెద్దోడా, పొద్దున్నుంచి ముప్ఫై గుండీలు కుట్టాను. ఎవరి మాటా కాదన్లేదు. ఎనభై భాషలు పోతే పోనీ అన్నాను. నా పేకాట ముట్టుకున్నావో, రేపటి అరవై చొక్కాలకీ గుండీలు నువ్వే కుట్టుకో."

పెదనాన్నకి కత్తెర వచ్చు, టేపు వచ్చు, గుండీ కుట్టడం మాత్రం రాదు. ఆయన దిక్కులు చూశాడు. గుసగుస వెళ్లి నానమ్మ ఎదురుగా, పెదాలు కనబడేట్టు, మోకాళ్ల మీద కూర్చుంది.

"నానమ్మా, కంపైలరు ఉంది కదా. నల్ల తెర మీద ఆడే పేకాట నీకు నేను కట్టి ఇస్తాను."

"నల్ల తెర మీద రాజు కనబడతాడా?"

"రాజుకి బదులు అక్షరం ఉంటుంది."

నానమ్మ ఆలోచించింది. "రాణి?"

"ఇంకో అక్షరం."

"సరే. అక్షరాలు పెద్దవిగా కుట్టు. నా కళ్లకి" అని మళ్లీ సూదిలో దారం ఎక్కించుకుంది. ఆ దుకాణంలో కంపైలరుకి అదే మొదటి ఆర్డరు.

కిటికీలు తీసెయ్యడానికి గుసగుస కీబోర్డు ముందు కూర్చుంటే, పెదనాన్న కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. "ఇకనుంచి బాణాలూ బొమ్మలూ ఉండవంటే మాకందరికీ ఈ నల్ల తెరే కదా. రేపు కొలతలు ఎక్కించేది నేను. నేర్పు."

నలుగురి ముందు మాట్లాడటమే గండం అనుకుంటే, పెదనాన్నకి గురువవడం ఇంకో గండం. అయినా ఆ మధ్యాహ్నం గుసగుస నోరు కొంచెం సాగి ఉంది. ఒక గదిలో ఏమున్నాయో చూడటం ఎలాగో చెప్పింది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లడం చెప్పింది. పేరు మొదలు రాసి పక్కన నక్షత్రం గుర్తు పెడితే అలా మొదలయ్యేవన్నీ ఒకేసారి అని అర్థం, అని చెప్పింది. తీసెయ్యడం చెప్పలేదు. కానీ కిటికీల సామాను ఒక్కో వరసా తీసేస్తుంటే ఆయన కళ్లు ఆమె వేళ్లనే చూస్తున్నాయి. ఇరవై ఏడేళ్లుగా కళ్లతో కొలతలు తీసే మనిషి ఆయన. రెండక్షరాల మాటని కళ్లతో పట్టడం ఎంతసేపు?

చోటు దొరికింది. పెన్‌డ్రైవులోంచి గీతల ప్రోగ్రాము కార్డులోకి ఎక్కింది. గుసగుస బాబాయి మెడ కొలత కొట్టి, ఎంటర్ నొక్కింది. గీతల మిషను ఒక్కసారి ఉలిక్కిపడి, చెయ్యి బారచాపి, కాగితం మీద కాలరు గీయడం మొదలుపెట్టింది. వంపు తిరిగేచోట పెన్ను నెమ్మదించింది. అచ్చం పెదనాన్న సుద్దలాగే. పెదనాన్న టేపు పెట్టి కొలిచాడు. ఇటునుంచి కొలిచాడు. అటునుంచి కొలిచాడు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే సరిపోయిందన్నమాట.

"నా మెడ ఇంత లావా?" అన్నాడు బాబాయి.

రెండో కాలరు సగంలో కాగితం అయిపోయింది. కాగితం చుట్ట రెండు వీధుల అవతల, అట్టపెట్టెల కొట్లో ఉంది. ఏడు వారాల్లో మొదటిసారి గుసగుస నడిచి వెళ్లలేదు, పరుగెత్తింది. కొట్టతను "ఏం కావాలమ్మా?" అంటే, ఆయన చెవి దగ్గరికి వంగాల్సిన అవసరం లేకుండానే చెప్పింది. చుట్టని భుజాన వేసుకుని, పావుగంటలో తిరిగొచ్చింది.

పెదనాన్న కీబోర్డు ముందు కూర్చుని ఉన్నాడు. చేతులు బల్ల మీద జోడించి, ఇల్లంతా చిమ్మి ముగ్గుపెట్టినవాడిలా ప్రశాంతంగా ఉన్నాడు.

"వచ్చావా తల్లీ. నువ్వెళ్లాక కాస్త సర్దాను."

"ఏం సర్దారు పెదనాన్నా?"

"గదులన్నీ తిరిగి చూశాను. అన్నీ బానే ఉన్నాయి. ఒక్క గది మాత్రం అధ్వానంగా ఉంది. దాని పేరు లిబ్. లోపలికెళ్తే ఏ పేరు చూసినా లిబ్ అనే మొదలు, చివర ఓ చుక్క, ఓ అంకె. పోనీ అని చూస్తే ఒక్కో పేరుకి మూడేసి నకళ్లు! ఒకే ముక్కని ముగ్గురు కోసి పెట్టినట్టు. వీటికోసం ఎవరూ ఒక్క మాట అడగలేదు కదా, ఇవెప్పుడు దూరాయి అనుకున్నాను. నువ్వు చెప్పిన నక్షత్రం గుర్తు పెట్టి, మొత్తం ఒకేసారి సంచిలో వేసేశాను." ఆయన గొంతులో గర్వం దాగలేదు. "ఒక్క జీసీసీ అనేదాన్ని మాత్రం ముట్టుకోలేదు. కంపైలరు అదే కదా? నువ్వు నోరు తెరిచి అడిగిందదొక్కటే. దాన్ని భద్రంగా ఉంచాను."

కాగితం చుట్ట గుసగుస భుజం మీంచి జారి, నేల మీద దొర్లుకుంటూ గుమ్మందాకా వెళ్లింది.

లిబ్ అంటే కార్డులో ఉన్న ప్రోగ్రాములన్నీ పంచుకు వాడుకునే సామాను గది. దుకాణంలో నలుగురికీ కలిపి ఒకటే దారాల పెట్టె ఉన్నట్టు. అది పోతే భద్రంగా ఉంచిన కంపైలరూ లేనట్టే, గీతల ప్రోగ్రాము లేదు, గదిలో ఏమున్నాయో చూసే మాట కూడా లేదు. కార్డు తప్ప ఇంకో నకలు లేదు. పాత డిస్కు ఇక లేవదు.

గుసగుస వంగి, నిలబడే, గదిలో ఏమున్నాయో చూసే మాట కొట్టింది. అలాంటిది ఏదీ లేదంది తెర. ఇంకోటి కొట్టింది. అదీ లేదంది.

"ఇందాకట్నుంచి నాకూ అదే చెబుతోంది" అన్నాడు పెదనాన్న. "అలిగిందేమో అనుకున్నాను."

గుసగుస ఆఖరి మాట కొట్టింది. చెప్పింది చెప్పినట్టు తిరిగి పలికే చిన్న మాట. తెర మీద జవాబు వచ్చింది.

వచ్చింది! ఆ పిల్లకి పోయిన ప్రాణం సగం తిరిగొచ్చింది. ఆజ్ఞలు వినే నల్ల తెర ఇంకా బతికే ఉంది. సామాను గది ఖాళీ చేసేటప్పటికే అది తనకి కావాల్సినవి చేతిలో పట్టుకుని ఉంది. పట్టుకున్నవాటిని ఇంకా వదల్లేదు. ఆ చేతిలో ఉన్నవాటితోనే మిగతావాటిని మళ్లీ నిలబెట్టే దారి ఏదైనా ఉందేమో వెతకాలి. అది వెతికినంతసేపూ ఈ డబ్బా ఆగకూడదు. ఒక్కసారి ఆగిందా, ఇక తలుపు తెరిచేవాడే ఉండడు.

"ఎవరూ దేన్నీ ముట్టుకోకండి" అంది. చిన్నప్పటి అలవాటు కొద్దీ అది గుసగుసగానే వచ్చింది. పెదనాన్నకి కూడా వినబడలేదు. నానమ్మ దారం కొరుకుతూ కిటికీ వైపు తిరిగి ఉంది.

బల్ల కింద ఏదో కదిలింది. సాయంత్రానికి ఇవ్వాల్సిన ఎనిమిది చొక్కాలు భుజాన వేసుకుని, ఒక చేత్తో ఇస్త్రీపెట్టె పట్టుకుని, బాబాయి బల్ల కింద సగందాకా దూరి ఉన్నాడు. ఆ మూలకి ఉన్నది ఒకటే ప్లగ్గు బోర్డు.

"కాలర్లు గీయడం అయిపోయింది కదమ్మా, నేను ఇస్త్రీ పెట్టుకుంటున్నా" అంది బల్ల కిందనుంచి బాబాయి గొంతు. కంప్యూటరు ప్లగ్గు సగం బయటికి వచ్చింది.